కరెంటు పోయి వచ్చే ఇంట్లో అక్వేరియం ఓవర్‌ఫ్లో

సంప్ పెట్టుకుందాం అనుకున్న ప్రతివాళ్ళూ ముందు అడిగేది ఒకటే, "గ్లాస్‌కి హోల్ వెయ్యకుండా పీవీసీ పైపులతో ఓవర్‌ఫ్లో చేసుకోవచ్చంట కదా, కొలతలు చెప్పు బ్రో" అని. చేసుకోవచ్చు. ఎలాగో కింద చెప్తా కూడా. కానీ మీ ట్యాంక్ ఇంకా ఆర్డర్ ఇవ్వకపోయినా, ఇచ్చాక గ్లాస్ ఇంకా అతికించకపోయినా, దయచేసి ఆ పైపుల ఓవర్‌ఫ్లో వీడియోలు పక్కన పెట్టి హోల్ వేయించుకోండి. పైపుల ఓవర్‌ఫ్లో మీద నాకు కోపమేం లేదు, నిజానికి అది చాలా తెలివైన వస్తువు, కాకపోతే అది మన ఇళ్ళ కోసం పుట్టింది కాదు, మన ఇళ్ళలో కరెంటు వానాకాలం మబ్బు లాంటిది, ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవడికీ తెలీదు.

సంప్ అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పైన చేపల ట్యాంక్, కింద క్యాబినెట్‌లో ఇంకో చిన్న ట్యాంక్. పై నీళ్ళు తమంతట తాము కిందికి దిగాలి, కింద స్పాంజీలూ బయో మీడియా (మంచి బ్యాక్టీరియా పెరగడానికి వేసే ముక్కలు) అన్నీ దాటుకుని చివరి గదికి చేరాలి, అక్కడున్న రిటర్న్ పంపు మళ్ళీ పైకి తొయ్యాలి. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, గోల్డ్‌ఫిష్ లాంటి తిండిపోతుల్ని పెంచేవాళ్ళకి ఇది నిజంగా వరం, ఎందుకంటే ఫిల్టర్ ఎంత పెద్దది కావాలంటే అంత పెద్దది పెట్టుకోవచ్చు, హీటర్ కింద దాచేయొచ్చు, నీళ్ళ మీద తేలే జిడ్డు పొర కూడా ఎప్పటికప్పుడు కిందికి పోతుంది. పంపు సంగతి తేలికే, డబ్బులిస్తే వస్తుంది. పై నీళ్ళని కిందికి దింపడమే అసలు పని, దాని పేరే ఓవర్‌ఫ్లో.

ఇక్కడ చాలామందికి తిరకాసుగా అనిపించే విషయం ఒకటుంది. నీళ్ళు ఎంత స్పీడుగా దిగాలో ఓవర్‌ఫ్లో నిర్ణయించదు, పంపు నిర్ణయిస్తుంది. పైకి ఎన్ని పోస్తే అన్నే దిగాలి, ఒక్క చుక్క ఎక్కువా కాదు తక్కువా కాదు. పంపు పోసేదానికంటే ఓవర్‌ఫ్లో తక్కువ దింపితే హాల్లోకి నీళ్ళు. అందుకే మంచి ఓవర్‌ఫ్లో అంటే చెరువు అలుగులా ఉండాలి అంటాను నేను. దానికి గేటు లేదు, తిప్పేవాడు అక్కర్లేదు, రాయి ఎంత ఎత్తున పెట్టారో అదే చెరువు మట్టం, అంతకుమించి ఎంతొస్తే అంత పారుతుంది, ఆగితే ఆగుతుంది.

ఇప్పుడు పైపుల ఓవర్‌ఫ్లో ఎలా ఉంటుందో చూద్దాం. ట్యాంక్ లోపల ఒక నిలువు పైపు, పైన రెండు ఎల్బోలు (వంపు తిప్పే జాయింట్లు) పెట్టి గ్లాస్ అంచు దాటించి బయటికి దింపుతారు, కింద మళ్ళీ యూ ఆకారంలో తిప్పి పైకి లేపుతారు, అక్కడ ఒక టీ (మూడు మూతుల జాయింట్) పెట్టి దాని పై మూతి గాలికి తెరిచి ఉంచి పక్క మూతి నుంచి సంప్‌లోకి వదుల్తారు. మొదట ఒకసారి పైపులో గాలంతా లాగేసి నీళ్ళు నింపాలి, డ్రమ్ములోంచి బకెట్‌లోకి ట్యూబుతో నీళ్ళు లాగినవాళ్ళకి ఇది కొత్తేం కాదు, దీన్నే సైఫన్ అంటారు. బయట టీ ఎంత ఎత్తున ఉందో ట్యాంక్‌లో నీళ్ళు దాదాపు అంత మట్టానికి నిలుస్తాయి. కరెంటు పోతే ట్యాంక్‌లో నీళ్ళు టీ మట్టానికి దిగి ఆగిపోతాయి, యూలో నీళ్ళు అలాగే ఉంటాయి కాబట్టి సైఫన్ తెగదు, కరెంటు రాగానే పంపు పైకి పోస్తుంది, మట్టం కాస్త పెరుగుతుంది, మళ్ళీ దిగడం మొదలు. కాగితం మీద ఎక్కడా వంక పెట్టలేం. దీన్ని మొదట ఆలోచించినవాడికి దండం పెట్టాలి.

ఇబ్బందల్లా గ్లాస్ అంచు మీద ఉన్న ఆ అడ్డ పైపుతోనే. అక్కడ లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ ఉంటుంది. కింద ఎక్కడైనా జాయింట్ సరిగ్గా అతకకపోతే చుక్క చుక్కగా నీళ్ళు కారతాయి, చూస్తాం, బాగుచేస్తాం. పైన జాయింట్ సరిగ్గా అతకకపోతే నీళ్ళు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. కనపడదు, వినపడదు, చెయ్యి పెట్టి చూసినా తడి తగలదు. ఇది చాలదన్నట్టు నీళ్ళలో కరిగి ఉన్న గాలి, ఎయిర్ స్టోన్ బుడగలు కూడా వచ్చి ఆ పై మూలలో చేరతాయి. నీళ్ళు బాగా వేగంగా పోతుంటే బుడగల్ని తమతో లాక్కుపోతాయి, నెమ్మదిగా పోతుంటే బుడగ అక్కడే కూర్చుని పెద్దదవుతుంది. మనవాళ్ళు ఏం చేస్తారంటే, సేఫ్టీ కోసమని ఇంచి పైపు సరిపోయే చోట ఇంచిన్నర పెడతారు, పైపు లావైతే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే గాలి నిలుస్తుంది, అంటే సేఫ్టీ కోసం చేసిందే ముంచుతుంది.

దీనికి వీడియోల్లో చూపించే మందు, అడ్డ పైపు మీద చిన్న నాజిల్ పెట్టి సన్న ట్యూబుతో ఒక చిన్న పవర్‌హెడ్‌కి (ట్యాంక్ నీళ్ళలో మునిగి తిరిగే పంపుకి) కలపడం, అది గాలిని పీల్చేస్తూ ఉంటుంది. బాగుంది, కానీ పవర్‌హెడ్ కూడా కరెంటుతోనే కదా తిరిగేది? అర్ధరాత్రి కరెంటు వచ్చిందనుకోండి, కరెంటు లేనప్పుడు సైఫన్ తెగిపోయి ఉంటే పవర్‌హెడ్ ఆ గాలంతా పీల్చడానికి కాసేపు తీసుకుంటుంది, రిటర్న్ పంపు మాత్రం ఒక్క క్షణం కూడా ఆగదు, స్విచ్ పడగానే సంప్‌లో తన గదిలో ఉన్న నీళ్ళన్నీ పైకి తోడేస్తుంది. తెలిసినవాళ్ళ ఫ్లాట్‌లో సరిగ్గా ఇదే అయింది, మే నెల గాలివానకి కరెంటు పోతూ వస్తూ ఉంది, పొద్దున లేచేసరికి హాలంతా నీళ్ళు, కింద ఫ్లోర్ వాళ్ళ ఫాల్స్ సీలింగ్ ఉబ్బిపోయి చుట్టూ గోధుమ రంగు మరక. కింద ఆంటీ మంచావిడ కాబట్టి పెయింటింగ్ ఖర్చుతో పోయింది.

మరి ఇంత రిస్క్ ఉంటే ఇది అంత పాపులర్ ఎందుకైంది అంటే, అక్కడి లెక్క వేరు. అమెరికాలో పెద్ద కంపెనీల రెడీమేడ్ ట్యాంకులు చాలావాటికి అడుగు గ్లాస్ టెంపర్డ్‌ది (వేడిచేసి గట్టిపరిచింది) వస్తుంది, టెంపర్డ్ గ్లాస్‌కి డ్రిల్ తగిలితే హోల్ పడదు, మొత్తం పలకే పలుకులు పలుకులుగా రాలిపోతుంది. కొనేసిన ట్యాంక్‌కి హోల్ వెయ్యలేనివాళ్ళకి పనికొచ్చే దారి ఇది. మన దగ్గర కథ అది కాదు. నాలుగు అడుగుల ట్యాంక్ కావాలంటే అక్వేరియం షాపులోనో గ్లాస్ షాపులోనో కొలత చెప్తాం, వాళ్ళు మామూలు ఫ్లోట్ గ్లాస్ షీట్ కోసి, అయిదు పలకలు సిలికాన్‌తో అతికించి ఇస్తారు. అతికించకముందు ఆ వెనక పలక టేబుల్ మీద పడుకుని ఉంటుంది, దానికి హోల్ వెయ్యడం ఎంతసేపు? వాష్‌బేసిన్ కౌంటర్ గ్లాసుకీ ఆఫీసు గ్లాస్ డోర్లకీ రోజూ వేసే పనే అది. తర్వాత నీళ్ళు పోసి చేపలు వేసి గోడకి ఆనించాక గుర్తొస్తే అప్పుడు కష్టం.

షాపులో అడిగితే మాత్రం నూటికి తొంభైమంది ఒకటే మాట, "హోల్ వేస్తే గ్లాస్ వీక్ అయిపోద్ది సార్, గ్యారంటీ ఇవ్వం." ఇందులో కొంత నిజం ఉంది, కాదనను. అంచుకి మరీ దగ్గరగా వేస్తే, డ్రిల్ అదిమి పట్టి తొందరపెడితే, హోల్ చుట్టూ చిన్న చిన్న పెచ్చులు లేచి అక్కడ నుంచి పగులు మొదలవుతుంది. అందుకే హోల్ అంచు నుంచి గ్లాస్ అంచు దాకా కనీసం హోల్ వెడల్పంత ఖాళీ ఉండాలి, డైమండ్ హోల్ సా (గుండ్రంగా కోసే డ్రిల్ బిట్) వాడాలి, హామర్ మోడ్ ఆఫ్‌లో ఉండాలి, నీళ్ళు ధారగా పడుతూ ఉండాలి, మిషన్ బరువే చాలు, చేత్తో నొక్కకూడదు. ఇంకో విషయం, వెనక పలకకి పైభాగంలో వేయించండి, నీళ్ళ ఒత్తిడి పైన తక్కువ, కింద ఎక్కువ. అడుగు పలకకి వేస్తే ఎప్పుడైనా వాషర్ లీకైందా, ట్యాంక్ మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆగదు. పైన వేస్తే హోల్ మట్టం దాకా దిగి ఆగుతుంది, చేపలన్నా బతుకుతాయి.

నా ట్యాంక్ 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. వెనక పలకకి ఎడమ మూలలో రెండు హోల్స్, వాటి ముందు లోపలి వైపు గ్లాస్ ముక్కలతో ఒక చిన్న పెట్టె. ఆ పెట్టె అంచే నా అలుగు, అడుగు నుంచి 40 సెంటీమీటర్లలో ఉంది. నీళ్ళు అంచు మీదుగా పల్చగా పెట్టెలోకి జారతాయి, పెట్టెలోంచి పైపుల్లోకి. హోల్‌కి పెట్టాల్సిన ఫిట్టింగ్‌ని అక్వేరియం సైట్లలో బల్క్‌హెడ్ అని చెప్పి బాగా గుంజుతారు. ప్లంబింగ్ షాపుకెళ్ళి ఇంటి మీద వాటర్ ట్యాంకులకి పెట్టే ట్యాంక్ నిపిల్ అడగండి, పని అదే, ధరలో పోలికే లేదు. ముందు నిపిల్ కొని, దాన్ని గ్లాస్ షాపుకి తీసుకెళ్ళి, ఇది పట్టేంత హోల్ కావాలి అని చూపించండి, ఎందుకంటే ఒక్కో కంపెనీది ఒక్కో సైజు, ఇంచి నిపిల్ అంటే ఇంచి హోల్ కాదు, దాని మరలు పట్టాలంటే ఇంకా చాలా పెద్దది కావాలి. రబ్బర్ వాషర్ నీళ్ళ వైపు, నిపిల్ టోపీకీ గ్లాసుకీ మధ్య పడాలి. నట్టు చేత్తో బిగించి, పానాతో ఇంకో పావు చుట్టు. ప్లంబర్‌ని పిలిస్తే ఇనుప ట్యాంక్ అనుకుని బలమంతా చూపిస్తాడు, అక్కడే గ్లాస్ టప్ మంటుంది. ఈ ఒక్క పని మీరే చేసుకోండి.

రెండు హోల్స్ ఎందుకంటే, ఒక పైపు పని చెయ్యడానికి, ఒకటి కాపలాకి. దీన్ని హెర్బీ పద్ధతి అంటారు. మొదటి పైపు మూతి పెట్టెలో తక్కువ ఎత్తులో ఉంటుంది, దాని కింది భాగంలో వాల్వు. వాల్వుని కొంచెం కొంచెం మూస్తూ పోతే ఒక దగ్గర పైపులో గాలి అస్సలు లేకుండా నిండుగా నీళ్ళే పోతాయి, అప్పుడు గుడగుడ శబ్దం టక్కున ఆగిపోతుంది, హాల్లో టీవీ కట్టేసినా ట్యాంక్ ఉన్నట్టే తెలీదు. రెండో పైపు మూతి అంతకంటే ఎత్తులో ఉంటుంది, మామూలప్పుడు పొడిగా ఉండాలి. మొదటిదాన్లో ఆకో, నత్తో, చచ్చిన గప్పీయో అడ్డం పడిందనుకోండి, పెట్టెలో మట్టం పెరిగి రెండో పైపులోకి దూకుతుంది, పెద్ద శబ్దం వస్తుంది, ఆ శబ్దమే మనకి అలారం. దీనికి వాల్వు, జాలీ ఏమీ పెట్టకూడదు. మూడు పైపులతో బీన్ యానిమల్ అని ఇంకో పద్ధతి ఉంది, ఇంకా భద్రం, పెద్ద ట్యాంకులకి అదే పెట్టుకోండి, నాలుగు అడుగులకి నాకైతే రెండు చాలనిపించింది.

వాల్వు దగ్గర ఒక చిక్కు ఉంది. సన్నగా అడ్జస్ట్ చెయ్యాలంటే గేట్ వాల్వు కావాలి, మన షాపుల్లో గేట్ వాల్వు అంటే ఇత్తడిదే చేతికిస్తారు. ఇత్తడిలో రాగి ఉంటుంది, రొయ్యలూ నత్తలూ ఉన్న ట్యాంక్‌కి అది పనికిరాదు. పీవీసీ బాల్ వాల్వు ఎక్కడైనా దొరుకుతుంది కానీ వెంట్రుకంత కదిపితే మట్టం ఇంచి మారుతుంది, విసుగొస్తుంది. నేను బాల్ వాల్వే వాడుతున్నా, పిడికి ఒక పొడుగాటి పైపు ముక్క తొడిగా, పిడి పొడుగైతే సన్నగా తిప్పడం వీలవుతుంది. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, మా ఆవిడ రోజూ అంటూనే ఉంటుంది, క్యాబినెట్ తలుపు వేసేస్తే ఎవడు చూశాడు.

ఇంతకీ సైఫన్ వద్దని మొదలుపెట్టి మళ్ళీ సైఫనే పెట్టావేంటి అంటారేమో. తేడా ఉంది. గ్లాస్ అంచు ఎక్కి దిగే సైఫన్ ఒకసారి తెగితే తనంతట తాను మొదలవ్వదు. పెట్టెలోంచి నేరుగా కిందికి దిగే పైపుకి ఎక్కాల్సిన మెట్టేమీ లేదు, నీళ్ళు మూతిని ముంచగానే లోపలి గాలిని కిందికి తోసుకుంటూ పోయి అదే నిండుగా మారుతుంది, మనిషి అక్కర్లేదు. పెద్ద ఎత్తున చూడాలంటే తెలంగాణలో వనపర్తి దగ్గర సరళాసాగర్ ప్రాజెక్టు ఉంది, 1950ల్లో కట్టింది. వరద దింపడానికి దానికి గేట్లు లేవు, ఆటోమేటిక్ సైఫన్లు ఉన్నాయి, నిండు మట్టం దాటగానే పారే నీళ్ళే లోపలి గాలిని ఈడ్చుకుపోయి సైఫన్లు వాటంతటవే అందుకుంటాయి, మట్టం తగ్గి గాలి దూరగానే ఆగిపోతాయి. అవీ అంచు ఎక్కి దిగే సైఫన్లే, కానీ ప్రతిసారీ తమంతట తాము మొదలయ్యేట్టు కట్టినవి, పైపుల ఓవర్‌ఫ్లోలో లేనిది సరిగ్గా అదే. (2019 డిసెంబర్ 31న ఆ ప్రాజెక్టు కట్ట తెగింది కదా అని ఎవరో ఒకరు అంటారు. తెగింది మట్టి కట్ట, సైఫన్లు కాదు.)

నిండు సైఫన్ తొందరగా అందుకోవాలంటే సంప్‌లోకి దిగే పైపు చివర నీళ్ళలో రెండు మూడు సెంటీమీటర్లకి మించి మునగకూడదు. చాలామంది శబ్దం రాకూడదని అడుగుదాకా దింపేస్తారు, అప్పుడు లోపలి గాలి అంత నీటి బరువుని తోసుకుని బయటికి రాలేక మధ్యలో ఇరుక్కుంటుంది, పంపు వేసిన ప్రతిసారీ రెండో పైపు చాలాసేపు మోగుతూ ఉంటుంది.

ఇక అసలు లెక్క. పైపులూ వాల్వులూ అన్నీ ఫెయిలైనా ఇల్లు తడవకూడదు అంటే సంప్ కొలతల దగ్గరే తేల్చుకోవాలి. నా ట్యాంక్‌లో ఒక్క సెంటీమీటర్ మట్టం అంటే 5.4 లీటర్లు. పంపు తిరుగుతున్నప్పుడు నీళ్ళు 41 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. రిటర్న్ పైపు మూతి 38 దగ్గర ఉంది. కరెంటు పోగానే ఆ రిటర్న్ పైపే వెనక్కి సైఫన్‌లా మారి, మూతి గాలికి తేలేదాకా నీళ్ళు సంప్‌లోకి లాగేస్తుంది, అంటే 3 సెంటీమీటర్లు, 16 లీటర్ల పైమాట. పెట్టెలో పైపుల్లో ఉన్నది ఇంకో రెండు మూడు లీటర్లు. మొత్తం 19 అనుకోండి. సంప్ 75 పొడవు 35 వెడల్పు, అందులో 19 లీటర్లు అంటే 7 సెంటీమీటర్ల పైన పెరుగుదల. కాబట్టి నడుస్తున్నప్పుడు సంప్‌లో పైన 10 సెంటీమీటర్లు ఖాళీ ఉండి తీరాలి. నీళ్ళు పోసేటప్పుడు చెయ్యి ఆగక నిండుగా పోసేస్తాం, అక్కడ పర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి పెట్టండి, ఇంట్లో ఎవరు పోసినా ఆ గీత దాటకూడదు.

రెండో వైపు లెక్క ఇంకా ముఖ్యం, దీన్ని ఎవరూ వెయ్యరు. దిగే దారులన్నీ మూసుకుపోయి పంపు మాత్రం తిరుగుతోంది అనుకుందాం. పంపు ఎంత తోడగలదు? తన గదిలో ఉన్నదే. నా పంపు గది 20 పొడవు 35 వెడల్పు, పంపు పీల్చే మూతి పైన నీళ్ళు 15 సెంటీమీటర్లు, అంటే 10.5 లీటర్లు. మిగతా గదుల నీళ్ళు మధ్య అడ్డ గ్లాసులు దాటి రాలేవు. ఆ 10.5 లీటర్లూ పైకెళ్ళినా ట్యాంక్ మట్టం 2 సెంటీమీటర్లు కూడా పెరగదు, నాకు పైన 4 ఖాళీ ఉంది. పంపు ఖాళీగా తిరిగి కాలిపోతే పోనీ, ఇంకోటి కొనుక్కోవచ్చు. పంపు గది పెద్దగా కట్టుకుంటే రోజూ ఆవిరైపోయే నీళ్ళు పొయ్యక్కర్లేదని కొందరు సలహా ఇస్తారు. ఆ సౌకర్యం కోసం పెంచిన ప్రతి లీటరూ ఒకరోజు నేల మీదికి రాగలదు, నేనైతే గది చిన్నదే ఉంచి రోజూ ఒక చెంబుడు నీళ్ళు పోస్తా.

రిటర్న్ పైపు వెనక్కి లాగడం తగ్గించడానికి నీళ్ళ మట్టానికి కాస్త కింద ఒక సన్న రంధ్రం వేస్తారు, మట్టం అక్కడికి రాగానే గాలి పీల్చుకుని సైఫన్ తెగుతుంది. మంచి ఉపాయమే, నాకూ ఉంది. కాకపోతే హైదరాబాద్ బోరు నీళ్ళ సంగతి తెలిసిందే, బాత్రూమ్ కుళాయిల మీద పేరుకునే తెల్ల పొరే ఈ రంధ్రం మీద కూడా పేరుకుంటుంది, కొన్నాళ్ళకి మూసుకుపోతుంది. అందుకే పైన లెక్కలో ఆ రంధ్రం లేనట్టే వేశాను. నీళ్ళని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వుదీ అదే కథ, లోపల ఒక నాచు పోగు ఇరుక్కున్నా పూర్తిగా మూసుకోదు. రంధ్రానికి వారానికోసారి టూత్‌పిక్, పెట్టె అంచున ఉప్పు కడితే వెనిగర్ గుడ్డ, అంతే.

అన్నీ బిగించాక చేపలు వెయ్యకముందే చెయ్యాల్సిన పరీక్ష ఉంది. స్విచ్ ఆపండి, మట్టాలు ఆగేదాకా చూడండి, వెయ్యండి. మళ్ళీ ఆపండి, ఈసారి పూర్తిగా ఆగకముందే వెయ్యండి, గాలివాన రోజు కరెంటు ఎలా ఆడుతుందో అలా టకటకా. తర్వాత మొదటి పైపు మూతిని చేత్తో మూసి రెండోది మొత్తం మోస్తుందో లేదో చూడండి. తర్వాత రెండూ మూసేసి పంపు గది ఖాళీ అయ్యేదాకా నిలబడండి, ఈ ఆఖరిది చెయ్యడానికే అందరికీ భయం, చెయ్యిమీద టవల్ వేసుకుని చేసెయ్యండి. నీళ్ళు అంచు దాటితే మట్టం కొంచెం తగ్గించి మళ్ళీ. ఇన్వర్టర్ ఉందిగా అని ఇది మానేసేవాళ్ళుంటారు, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఒకరోజు చచ్చిపోతుంది. నేను ఇన్వర్టర్ లైన్‌కి ఎయిర్ పంపు ఒక్కటే పెట్టా, చేపలకి గాలి అందితే చాలు.

ఇప్పటికే నీళ్ళతో నిండిన ట్యాంక్ ఉంది, అద్దె ఇల్లు, ఖాళీ చేసి హోల్ వేయించే ఓపిక లేదు అంటారా, సరే, పైపుల ఓవర్‌ఫ్లోనే కట్టుకోండి. ముప్పావు ఇంచి సరిపోయే చిన్న పంపుకి ముప్పావు ఇంచి పైపే వాడండి, లావు పైపుకి పోకండి. గ్లాస్ అంచు మీది జాయింట్లకి పైపులు అతికించే సొల్యూషన్ రెండు వైపులా పూసి తిప్పుతూ దూర్చి, ఎండనిచ్చి, ఆ తర్వాతే నీళ్ళు. అక్కడ మాత్రం ఊడదీసుకోవచ్చు కదా అని పొడి జాయింట్ వదలొద్దు. వీలైతే ఒకటి బదులు రెండు విడివిడిగా కట్టి తగిలించండి, ఒకటి ఆగినా ఇంకోటి మొత్తం పంపుని మోసేంతగా. లోపలి మూతికి పెద్ద కళ్ళ జాలీ, మరీ సన్న స్పాంజీ పెడితే రెండు రోజుల్లో పూడిపోతుంది. అడ్డ పైపు పైభాగం కనపడేలా పారదర్శకమైన ముక్క దొరికితే అది వెయ్యండి, బుడగ ఎంత పెరిగిందో వస్తూ పోతూ కంటికి తెలుస్తుంది. పంపు గది లెక్క మాత్రం దీనికి ఇంకా కచ్చితంగా వెయ్యాలి, ఇక్కడ మిమ్మల్ని కాపాడేది అదొక్కటే, మీ పంపు గది నీళ్ళన్నీ పట్టేంత ఖాళీ జాగా ట్యాంక్ పైభాగంలో లేకపోతే ముందు ట్యాంక్ మట్టం తగ్గించుకుని, బయటి టీ ఆ మేరకు కిందికి దించి, అప్పుడు పంపు ప్లగ్గు పెట్టండి.